అత్తగారి బోరింగుకు సెన్సర్

కిటుయి పట్నం చుట్టుపక్కల నూట పన్నెండు చేతి బోరింగులకు సెన్సర్లు బిగించిన ముసెంబి, నూట పదమూడోదానికి మాత్రం మూడేళ్ళుగా మొహం చాటేస్తూ వచ్చాడు. అది క్వా సోలో ఊరి బోరింగు. దాని తాళంచెవి స్యోకావు మెడలో వేలాడుతూ ఉంటుంది. స్యోకావు అతని అత్తగారు.

కాంబా తెగవాళ్ళలో అల్లుడు అత్తగారి కంట పడకూడదు, అత్తగారు అల్లుడి కంట పడకూడదు. దాన్ని న్థోని అంటారు. సిగ్గు, భయం, గౌరవం మూడూ కలిపి నూరితే వచ్చేది అదే. ఈ కాలపు పిల్లలు దాన్ని గాలికొదిలేసి అత్తగార్ల పక్కనే కూచుని టీ తాగుతున్నారు, అది వేరే సంగతి. ముసెంబి మరీ పాతకాలపు మనిషేం కాదు. ఆమె మాత్రం పాతకాలపు మనిషి. పెళ్ళయి పదిహేడేళ్ళయినా ఆమె తలగుడ్డ రంగు తెలుసు, గొంతు తెలుసు, మొహం తెలియదు. ఒకసారి తాను కూర్చున్న మటాటూ అనే షేర్ వ్యానులోకే ఆమె ఎక్కబోతుంటే అవతలి కిటికీలోంచి దూకేశాడు. మోకాలు చెక్కుకుపోయింది. ఇంటిదాకా తొమ్మిది కిలోమీటర్లు కుంటుకుంటూ నడిచాడు. మర్నాడు భార్య వయూవా కాపడం పెడుతూ, "మా అమ్మ తెగ మురిసిపోయింది, మర్యాద తెలిసిన అల్లుడట" అంది. మోకాలి నొప్పి కాస్త తగ్గినట్టే అనిపించింది.

మూడేళ్ళూ ఆ ఊరి పని తోటి మెకానిక్ మీదికి నెట్టి, ఏదో ఒక సాకుతో వాయిదా వేయించాడు. ఈసారి ఆ తోటివాడు కాలు విరిగి మంచం ఎక్కాడు. ఆఫీసువాళ్ళు గడువు పెట్టారు. ఫలానా గురువారం సాయంత్రం నాలుగులోపల సెన్సర్ ఆఫీసుతో కలవకపోతే, ఆ బోరింగు ఈ ఎండాకాలం మరమ్మతుల జాబితాలో ఉండదు. జాబితాలో ఉంటే, పిడి ఒక రోజంతా కదలకపోతే చాలు, ఆఫీసుకు దానంతటదే కబురు వెళుతుంది, మూడు రోజుల్లో మెకానిక్ వస్తాడు. లేకపోతే ఆ దేవుడే దిక్కు. పోయిన ఏడు క్వా సోలో బోరింగు చెడిపోతే అయిదు వారాలు ఒక్క నరపురుగు కూడా తొంగిచూడలేదు. ఊరంతా టివా నది ఇసుకలో చెలమలు తోడుకున్నారు. ఆ మోతలకు స్యోకావు ముసలి గాడిద చచ్చిపోయింది. "ఈ ఏడు నా వంతేమో" అని ఆమె కూతురికి ఫోన్లో అంది. అప్పటినుంచి వయూవాకు తిండి సయించడం లేదు.

"కిటికీలోంచి దూకుతావో పొదలో దూరతావో నాకు తెలీదు" అంది మొగుడితో. "మా అమ్మ బోరింగుకు అది బిగించకుండా ఇంటికి రాకు."

అలా ఆ గురువారం మధ్యాహ్నం ముసెంబి మోటార్ సైకిల్ మీద క్వా సోలో చేరాడు. సంతరోజు, ఊళ్ళో జనం లేరు. బోరింగు దగ్గర స్యోకావు కొత్త గాడిద, దాని పక్కన మ్వంగంగి అనే ముసలాయన ఉన్నారు. తుమ్మపొద వెనక పసుపు తలగుడ్డ కదిలింది. ముసెంబి గబుక్కున పొదకు వీపు తిప్పి, టోపీ ముక్కుమీదికి లాక్కున్నాడు. ముసలాయనకు పండగే అయింది.

"తాతా, తాళంచెవి కావాలని అత్తగారితో చెప్పు."

"స్యోకావూ, నీ అల్లుడికి ఆకలేస్తోందట."

"నేనలా అనలేదు తాతా."

"అనకపోతే మాత్రం వెయ్యదా?"

"మొక్కజొన్న ముథోకోయ్ ఉడుకుతోంది, పనయ్యాక పెడతానని చెప్పు" అంది పొద వెనక గొంతు. "తాళంచెవి తొట్టిగట్టు మీదే పెట్టాను. కళ్ళు తెరిస్తే కనిపిస్తుందని కూడా చెప్పు."

"కళ్ళు తెరవకూడదనే కదమ్మా వాడి గోల" అన్నాడు ముసలాయన.

ఇంకాసేపుంటే ఇద్దరి మధ్యా ఏం తగువు పెట్టేవాడో గానీ, అంతలో ఆయన మేకలు ఎవరి అలసంద చేలోనో పడ్డాయని కేకలు వినిపించాయి. కర్ర తీసుకుని పరుగెత్తాడు. ఇక మిగిలింది గాడిద.

ముసెంబి తల వంచుకునే, టోపీ కింద కనిపించినంత మేర చూసుకుంటూ, తాళం తీసి, సెన్సర్ డబ్బాను పిడి కింద ఆనించి పానాతో బోల్టులు బిగించాడు. పిడిని ఆపకుండా కొడితే గానీ ఆ డబ్బా మేలుకోదు, మేలుకుంటే గానీ ఆఫీసుతో కలవదు. కలిసిందీ లేనిదీ అతని ఫోన్లో చూడాలి. డబ్బా ఎక్కడున్నా సిగ్నల్ పట్టుకుంటుంది, అతని పాత ఫోన్‌కు అంత ఓపిక లేదు. దూరంగా ఉన్న బండ ఎక్కితేనే దానికి ప్రాణం వస్తుంది. కొట్టడానికి ఒకరు, చూడడానికి ఒకరు కావాలి.

గొంతు సవరించుకుని అన్నాడు. "గాడిదా, నేను బండ ఎక్కుతున్నాను. ఈలోగా ఎవరైనా వచ్చి మూడొందల సార్లు కొడితే బాగుంటుంది."

గాడిద చెవి ఆడించింది. అతను బండెక్కి అటు తిరిగి నిలబడ్డాడు. వెనక బోరింగు కిర్రుకిర్రుమంది, నీళ్ళు తొట్టిలో పడ్డాయి. ఫోన్లో ఏమీ రాలేదు. దిగివచ్చి, బోల్టులు ఇంకాస్త బిగించి, గాడిదను మళ్ళీ బతిమాలి, మళ్ళీ ఎక్కాడు. ఏమీ రాలేదు. మూడోసారి దిగేసరికి మూడున్నర. చొక్కా చెమటకు తడిసి వీపుకు అతుక్కుపోయింది. వయూవా మొహం కళ్ళ ముందు మెదిలింది.

పొద వెనక నుంచి ఆయాసపడుతున్న గొంతు వచ్చింది. "గాడిదా, ఆ డబ్బా మీద ఏదో బాణం గుర్తుంది. బాణాలు ఆకాశం వైపు చూస్తాయా, నేల వైపు చూస్తాయా?"

అసలే ఒళ్ళు మండుతున్న ముసెంబి నోరు జారాడు. "గాడిదా, నూట పన్నెండు బోరింగులకు బిగించింది నువ్వా, నేనా?"

అనేశాక ఎవరిని అన్నాడో తెలిసి నాలుక కరుచుకున్నాడు. గాడిద తల తిప్పుకుంది. పొద వెనక నుంచి అడుగుల చప్పుడు వినిపించింది, దూరంగా వెళ్ళేది కాదు, దగ్గరికి వచ్చేది. ముసెంబి అటూ ఇటూ చూశాడు. దూకడానికి కిటికీ లేదు.

స్యోకావు సరాసరి వచ్చి, అతని చేతిలోని పానా లాక్కుంది.

"నాలుగు కావస్తోంది నాయనా. సిగ్గు తర్వాత పడదాం."

తలెత్తి చూశాడు. అది వయూవా మొహమే. ముడతలు పడి, ముందు పళ్ళు రెండు పోయి, మొగుడి తప్పు పట్టుకున్నప్పుడు వయూవా కనుబొమ్మల మధ్య పడే ఆ గీతతో సహా. పదిహేడేళ్ళుగా ఈ మొహానికి భయపడా తను దాక్కుంది? అతనికి నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. డబ్బా వైపు చూశాడు. బాణం నేల చూపులు చూస్తోంది. అత్తగారి ఎదుట తల వంచుకునే మర్యాదలో తలకిందులుగా బిగించేశాడు. ఇంకొకటి కూడా చూశాడు. ఆమె పానా ఆడించేది కుడిచేత్తోనే. ఎడమ భుజం లేవడం లేదు. అంటే తొమ్మిది వందల సార్లూ ఒంటిచేత్తో కొట్టింది.

"ముందే చెప్పొచ్చు కదత్తా" అన్నాడు.

"అల్లుడికి పని రాదని నా నోటితో ఎలా చెప్పను? గాడిదతో చెప్పిస్తే వినకపోతివి." పైనుంచి కిందికి ఓసారి చూసి, "నా కూతురు పొడుగరివని చెప్పింది" అంది, మోసపోయినట్టు.

డబ్బా తిప్పి బిగించారు. అతను బండ మీదికి పరుగెత్తాడు, ఈసారి ఇటు తిరిగే నిలబడ్డాడు. నాలుగుకు ఎనిమిది నిమిషాలుందనగా ఫోన్ టింగుమంది. దిగేసరికి ఆమె మళ్ళీ పొద వెనక ఉంది.

"గాడిదా, కలిసిందేమో కనుక్కో."

"కలిసింది" అన్నాడు ముసెంబి. తర్వాత పొదకు ఇవతల కూచుని ముథోకోయ్ రెండు గిన్నెలు తిన్నాడు.

ఆ రోజు నుంచి వాళ్ళింట్లో కొత్త అలవాటు పుట్టింది. తెల్లవారగానే వయూవా మొగుడి ఫోన్ లాక్కుని చూస్తుంది. అయిదున్నరకు క్వా సోలో బోరింగు పిడి కదిలినట్టు అంకెలు పడతాయి. "అమ్మ లేచింది" అంటుంది. అప్పుడు గానీ పొయ్యి వెలిగించదు. నలభై రోజులు అలాగే గడిచాయి.

ఒక పొద్దున అంకెలు పడలేదు. ఆరయింది, ఏడయింది, ఏమీ లేదు. ఫోన్ చేస్తే తల్లి ఎత్తడం లేదు. "భుజం నొప్పి అంది మొన్న" అని వయూవా గుమ్మంలో కూలబడింది. ఆఫీసు లెక్కన ఒక రోజంతా ఆగాలి, ఆ తర్వాత మూడు రోజుల్లో ఎవరో వెళతారు. ముసెంబి ఆగలేదు, మోటార్ సైకిల్ తీశాడు. ఎర్రమట్టి దారి పొడవునా చెడ్డ ఊహలే, తనకు తెలిసిన ప్రార్థనలన్నీ అయిపోయాయి.

క్వా సోలోలో బోరింగు చుట్టూ ఖాళీ డబ్బాలతో ఊరి ఆడవాళ్ళంతా నిలబడి ఉన్నారు. పిడికి గొలుసు, గొలుసుకు తాళం. తొట్టిగట్టు మీద, ఈసారి ఏ పొదా చాటు లేకుండా, స్యోకావు నిక్షేపంగా కూచుని ఉంది.

"పొద్దుటి నుంచీ మా ప్రాణం తీస్తోంది, తాళం తియ్యమంటే తియ్యదు" అంది ఒకావిడ.

ముసెంబి బండి దిగి దగ్గరికి పరుగెత్తాడు. "బోరింగు చెడిపోయిందా అత్తా?"

"లేదు."

"నీకు ఒంట్లో బాలేదా?"

"గుండ్రాయిలా ఉన్నాను."

"మరి?"

స్యోకావు మెడలో తాళంచెవిని వేళ్ళతో తిప్పింది. "పోయినేడు అయిదు వారాలు ఈ దారి వైపే చూస్తూ కూచున్నాం నాయనా. ఆ డబ్బా పిలిస్తే నిజంగా ఎవరైనా వస్తారో రారో చూద్దామని."

కోపం తెచ్చుకుందామనుకున్నాడు, రాలేదు. "ఆఫీసువాళ్ళు రావడానికి ఇంకా టైముంది. నేను ఆఫీసు తరఫున రాలేదు."

"తెలుసు" అంది అత్తగారు, తాళం తీస్తూ.