నాయన చెప్పిన నిజం

రెండో ప్రపంచ యుద్ధం సాగుతున్న రోజుల్లో మేము కాశిబుగ్గలో ఉండేవాళ్ళం. నాయన మగ్గం నేసేవాడు. మా తాత కాలంలోనే మావాళ్ళు క్రైస్తవులయ్యారు. మా చిన్న గుడికి నాయన సంఘ పెద్ద. పెద్దగా చదువుకోలేదు కానీ రోజూ పొద్దున్నే మగ్గంలో కూర్చోకముందు బైబిలు తెరిచి, అక్షరాల కింద వేలు జరుపుతూ నిదానంగా పైకే చదివేవాడు. చదివినది చేయకపోతే చదవడం దండగ అనేవాడు. అవునంటే అవును, కాదంటే కాదు, అంతకు మించి మాట ఉండకూడదన్న బోధ ఆయనకు బాగా పట్టింది. ఇంటికి ఇష్టం లేని మనిషి వచ్చినా నాయన లేడని మా చేత చెప్పించేవాడు కాదు. లేచి తానే వెళ్ళేవాడు.

పక్కింటాయన మా కులం వాడు కాదు, మా మతం వాడూ కాదు. అయినా నాయన ఆయన్ని అన్నా అనేవాడు, నేను పెద్దనాయన అనేదాన్ని. ఆయన భార్య నాకు పెద్దమ్మ. వాళ్ళకు ముగ్గురు పిల్లలు. మా రెండిళ్ళ మధ్య ఒక పిట్టగోడ మాత్రమే ఉండేది. మగ్గాల చప్పుడు ఒక ఇంట్లో ఆగితే రెండో ఇంట్లోంచి ఏమైందని కేక వేసేవారు.

అప్పుడు నూలుకు కరువు వచ్చింది. రేషను కార్డు మీద ఇచ్చినంతే తెచ్చుకోవాలి, అంతకు మించి ఇంట్లో ఉంచుకోవడం నేరం. కొన్ని వారాలు అదీ దొరికేది కాదు. పెద్దనాయన ఎక్కడినుంచో కొంత నూలు తెచ్చి జొన్నలు పోసుకునే గుమ్మి అడుగున దాచాడు. నాయన జ్వరంతో పడిపోయి మా వంతు నూలు తెచ్చుకోలేకపోయినప్పుడు అందులోంచే రెండు చిలపలు, అంటే రెండు నూలు కట్టలు, తీసి గోడ మీదుగా అందించాడు. అవి నేసుకునే ఆ నెల మేము తిన్నాం.

ఎవరు చెప్పారో తెలియదు, ఒక పొద్దున పోలీసు అమీను నలుగురు జవాన్లతో మా వాడకొచ్చాడు. మగవాళ్ళందరినీ బయటికి పిలిచి, నూలు ఎవరింట్లో ఉందని అడిగాడు. అందరూ తెలియదన్నారు. నేను కండెల బుట్ట పట్టుకుని మా గుమ్మంలో నిలబడి ఉన్నాను. అమీను నాయన దగ్గర ఆగాడు. మా గుడి సంగతి అతనికి ఎవరో చెప్పినట్టుంది.

"నువ్ కిరస్తానోనివి గదా. మీరు అబద్ధమాడరంటరు. నువ్ జెప్పు," అన్నాడు.

పెద్దనాయన తన గుమ్మం ముందు నేల చూస్తూ నిలుచున్నాడు.

"ఉన్నది సాబ్," అన్నాడు నాయన చివరికి. "ఆ ఇంట్ల గుమ్మిల ఉన్నది. అండ్ల రెండు చిలపలు నేను గూడ నేసిన."

జవాన్లు గుమ్మి బోర్లించారు. జొన్నలు వాకిలంతా పరుచుకున్నాయి. ఇద్దరినీ తీసుకెళ్ళారు. సాయంత్రానికి మా గుడి పాస్టరు అయ్యగారు ఠాణాకు వెళ్ళి నాయన మంచివాడని చెబితే ఆయన్ని వదిలేశారు. పెద్దనాయన తరఫున చెప్పడానికి ఎవరూ లేరు. నాయన ఆయన్ని కూడా విడిపించమని అయ్యగారిని ఎంత అడిగినా అది తన చేతిలో లేదన్నారట.

తెల్లవారి నాయన బైబిలు తెరిచినప్పుడు అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేవకుండానే అన్నది: "నీ నోరు సాఫ్‌గ ఉంచుకున్నవ్. ఆళ్ళ పిల్లల నోట్లెకు ఏం పోవాలె?"

నాయన ఆ రోజు చదవలేదు.

మా ఇంట్లో వండింది వాళ్ళు తినరు. అందుకని అమ్మ చాటలో జొన్నలు పోసి వాళ్ళ అరుగు మీద పెట్టి వచ్చింది. పెద్దమ్మ ముట్టలేదు. పిచ్చుకలు తిన్నాయి. మరునాడూ అంతే, ఆ మరునాడూ అంతే. అమ్మ మానలేదు. నాలుగో రోజు చాట ఖాళీగా మా పిట్టగోడ మీద బోర్లించి ఉంది. తరువాత నాయన రెండు చీరలు నేస్తే ఒకటి అమ్మ చేత వాళ్ళింటికి పంపడం మొదలుపెట్టాడు. మేము ఒక పూట గంజి తాగేవాళ్ళం. వాడలో నాయనతో ఎవరూ మాట్లాడలేదు. నూలు కోసం వరుసలో నిలబడితే ముందున్నవాడూ వెనకున్నవాడూ రెండడుగులు జరిగేవారు. గుడిలో మాత్రం సత్యం కోసం నిలబడ్డాడని ఆయన్ని పొగిడారు. ఆ పొగడ్తకే నాయన ఎక్కువ కుంగిపోయాడని నాకు తరువాత అర్థమైంది. ఒక ఆదివారం ప్రార్థన చేయమని లేపితే లేచి నిలబడి, ఏమీ అనకుండా కూర్చున్నాడు.

నాలుగు నెలలకు పెద్దనాయన జైలు నుంచి తిరిగొచ్చాడు. మనిషి సగమయ్యాడు. దగ్గు మొదలైతే ఆగేది కాదు. నాయన వెళ్ళి ఆయన అరుగు కింద నిలబడ్డాడు. నేను వెనకాలే వెళ్ళాను. తనను క్షమించమని అడిగాడు నాయన.

"నువ్ అబద్ధమాడవని నాకెర్కనే తమ్మీ," అన్నాడు పెద్దనాయన. గొంతులో కోపం లేదు. "అబద్ధమెందుకాడాలె? జర ఊకుంటే అయిపోతుండె గదా. అమీను నిన్ను కొడ్తుండెనా, తిడ్తుండెనా?"

"ఊకున్నా అబద్ధమే అయితదనుకున్న అన్నా."

"ఏమో. నీ దేవుని సంగతి నాకెర్కలేదు," అని ఆయన గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. క్షమించానని అనలేదు, పొమ్మనీ అనలేదు. నాయన ఎండ ఎక్కేదాకా అక్కడే నిలబడ్డాడు.

నాయన ఆయన్ని మిషను దవాఖానకు తీసుకుపోతానన్నాడు. ఆయన రాలేదు. వానలు మొదలైన వారంలో పోయాడు. పాడె మోయడానికి నాయన ముందుకెళితే వాళ్ళ కులంవాళ్ళు చేయి అడ్డం పెట్టారు. నాయన వానలో తడుస్తూ అందరికంటే వెనకాల, చాలా దూరంగా నడిచాడు.

కొన్నాళ్ళకు పెద్దమ్మ తన తమ్ముడున్న షోలాపూరుకు పిల్లలతో వెళ్ళిపోవాలనుకుంది. అక్కడ మిల్లుల్లో పని దొరుకుతుందన్నారు. అమ్మ స్టేషను దాకా వెళ్ళింది. మూట తాను మోస్తానంటే పెద్దమ్మ కాదనలేదు. రైలెక్కాక చిన్నపిల్లను కిటికీలోంచి అమ్మ చేతికిచ్చి, బండి కదిలేముందు మళ్ళీ తీసుకుంది. నాయన గురించి ఒక్క మాటా అనలేదని అమ్మ చెప్పింది.

నాయన సంఘ పెద్దగా ఉండనని అయ్యగారికి చెప్పేశాడు. బైబిలు మాత్రం మళ్ళీ చదవడం మొదలుపెట్టాడు, లోలోపలే. మాకు అబద్ధమాడవద్దని చెప్పడం ఎన్నడూ మానలేదు. కానీ చెప్పిన ప్రతిసారీ అమ్మ ముఖం వైపు చూసేవాడు.

నేను నర్సు పని నేర్చుకోవడానికి ఇల్లు విడిచి వెళ్ళేముందు ఒకసారి ధైర్యం చేసి అడిగాను, ఆ అమీను ఇప్పుడొచ్చి అడిగితే ఏం చెబుతావని. ఆయన చేతిలో పని ఆపలేదు.

"ఏం జెప్తనో నాకెర్కలేదు బిడ్డా," అన్నాడు. "రోజు గదే అడుగుతున్న."

ఎవరిని అడుగుతున్నాడో నేను అడగలేదు. ఆ తరువాత రెండేళ్ళకు ఆయన పోయాడు. పక్కింట్లోకి అప్పటికి వేరేవాళ్ళు వచ్చారు. వాళ్ళు మగ్గం నేసేవాళ్ళు కారు.