అవ్వ నేర్చుకున్న సంతకం

బోధన్‌లో మా బ్యాంకు బ్రాంచి ఒక బస్తీని దత్తత తీసుకోవాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. సెలవు శనివారాల్లో అక్కడి ఆడవాళ్లకు పొదుపు గురించి, బీమా గురించి, ఫోన్లో జరిగే మోసాల గురించి చెప్పాలి. నేను నిజామాబాద్ నుంచి రోజూ బస్సులో వచ్చిపోయే క్లర్కును. మా మేనేజరుది గుంటూరు వైపు. "మీకు ఇక్కడి మాట వచ్చు కదమ్మా, మీరు చెబితేనే వాళ్లు వింటారు" అని ఆ పని నాకు అప్పగించాడు. నేను సంతోషంగానే ఒప్పుకున్నాను.

బస్తీ మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీకి దగ్గర్లో ఉంది. ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లు మగవాళ్లు అందులో పనిచేసేవాళ్లు, ఆడవాళ్లు గడపల ముందు కూర్చుని బీడీలు చుట్టేవాళ్లు. ఫ్యాక్టరీ ఆగిపోయాక బీడీలే మిగిలాయి. బడి వరండాలో మొదటి క్లాసుకు పదకొండు మంది వచ్చారు. అందరి ఒళ్లోనూ చాటలు ఉన్నాయి. నేను బీమా గురించి చెబుతుంటే తలలు ఊపారు కాని చేతులు మాత్రం ఆకు మడుస్తూనే ఉన్నాయి.

క్లాసు అయ్యాక ఒక అవ్వ మాత్రం లేవకుండా కూర్చుంది. అరవై దాటి ఉంటాయి. భర్త ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసి, అది మూతబడ్డ రెండేళ్లకు పోయాడు. కొడుకు వరికోత మిషన్ నడుపుతూ కోతల కాలమంతా వర్ని, చందూర్ వైపు తిరుగుతాడు. ఇంట్లో అవ్వ, కోడలు.

"బిడ్డా, గివన్ని నాకెందుకు? నాకు సంతకం నేర్పు, సాలు" అంది.

ఎందుకని అడిగితే అరచేతులు చాపి చూపించింది. నలభై ఏళ్లు బీడీలు చుట్టిన వేళ్లు. కొసలు నున్నగా అరిగిపోయాయి. బస్తీలో పింఛన్లు ఇచ్చే మినీ బ్యాంకు మిషన్ ఆమె వేలిని గుర్తుపట్టదు. అందుకే పింఛను కోసం మా బ్రాంచికి వచ్చి ఫారం మీద బొటనవేలు ముద్ర వేస్తుంది. ముద్ర వేస్తే సాక్షిని తనే వెంట తెచ్చుకోవాలి.

"నెలనెలా ఎవల్నో ఒకల్ని బతిమిలాడాలె. కూలి ఇడిసిపెట్టి ఎవలొస్తరు? మొన్న పక్కింటామె ఏమన్నదో ఎరికేనా? ఇంకెన్నిసార్లు నీ ఎంబడి తిరగాలె అవ్వా అన్నది. నాకు మస్తు సిగ్గైంది బిడ్డా."

అక్షరాలు దిద్దించడం నాకు చేతకాదు. అప్పుడు గుర్తొచ్చాడు చాచా. ఆయన బోర్డులు రాసే పెయింటరు. ఊళ్లో సగం దుకాణాల పేర్లు ఒకప్పుడు ఆయన చేతిమీదుగా రాసినవే. ఫ్లెక్సీలు వచ్చాక పని పోయి ఇంట్లో కూర్చున్నాడు. మా బ్యాంకు కోసం ఆ బడి గోడ మీద 'వేలిముద్ర మానేద్దాం, సంతకం నేర్చుకుందాం' అని రాసింది కూడా ఆయనే. వెళ్లి అడిగాను.

"ఖత్, గదే రాత, నేర్పుడే కద బేటీ, వస్త. పైసలేం వద్దు. ఇంట్ల కూసోని కూసోని దిమాగ్ ఖరాబైతుంది" అన్నాడు.

చాచా మొదట్లో పెన్ను ముట్టనివ్వలేదు. వరండా బండల మీద సుద్దతో పళ్లెమంత అక్షరం రాసి, దాని మీద అవ్వ చేత వేలు తిప్పించేవాడు. "ఆపా, ముందుగాల చెయ్యి తిరగాలె. పెన్ను తర్వాత" అనేవాడు, అవ్వను అక్కలా పిలుస్తూ. పేరులో నాలుగక్షరాలు. మూడో అక్షరం మీద గుడి ఒకపట్టాన కుదరలేదు, పక్కకు జారిపోయేది. అవ్వ ఇంటి దగ్గర తునికాకు మీద గోటితో గీసుకునేది. బీడీ కార్ఖానావాళ్లు ఆకు తూచి ఇస్తారు కాబట్టి, ఆకు ఖరాబు చేస్తున్నదని కోడలు సణిగేది. ఒకరోజు ఆ గీతలున్న ఆకుల కట్ట నా ముందు పెట్టి, "ఏది మంచిగున్నదో సూడు" అంది. నేను ఒక ఆకు తీసి చూపిస్తే, దాన్ని చీరకొంగులో ముడేసుకుంది.

నాలుగు నెలలు పట్టింది. బ్రాంచిలో ఆమె నమూనా సంతకం తీసుకున్న రోజు మేనేజరు తన గదిలోంచి బయటికి వచ్చి చూశాడు. మరుసటి నెల పింఛనుకు వచ్చి, ఫారం నా కిటికీలోంచి లోపలికి పెట్టి, "ఇయ్యాల నేనొక్కదాన్నే అచ్చిన బిడ్డా" అంది. నా ఉద్యోగంలో అంత మంచి పూట ఇంకొకటి లేదు.

చలి తగ్గుతున్న రోజుల్లో నిజామాబాద్‌లో ఒక ఫంక్షన్ హాల్లో మా బ్యాంకువాళ్లు సభ పెట్టారు. డప్పుల కళాకారులు వచ్చారు. పొదుపు మీద, ఓటీపీ మీద పాటలు కట్టి ఆడారు. తర్వాత అవ్వను వేదిక ఎక్కించి తెల్లబోర్డు మీద పేరు రాయమన్నారు. రాసింది. మైకు పట్టుకున్నాయన, "నిన్నటిదాకా వేలిముద్ర, నేడు సంతకం. ఇక ఈ తల్లి ఎవరి ముందూ తల వంచనక్కర్లేదు" అన్నాడు. హాలంతా చప్పట్లు కొట్టింది, నేనూ కొట్టాను. ఆమెకు శాలువా కప్పారు. చాచాను ఎవరూ వేదిక మీదికి పిలవలేదు. చివరి వరసలో కూర్చుని, అక్షరాలు వంకర పోలేదని తనలో తాను మురిసిపోతున్నాడు.

మార్చిలో ఏడాది లెక్కల హడావిడి వల్ల రెండు శనివారాలు నేను బస్తీకి వెళ్లలేదు. అవ్వకు కుడి చెయ్యి, కాలు పడిపోయాయని ఆ రోజుల్లోనే చాచా ఫోన్ చేశాడు. వస్తానన్నాను. వెళ్లలేదు. ఆదివారాలు కూడా ఆఫీసుకే పోతున్నాను, తీరిక లేదని నాకు నేనే చెప్పుకున్నాను.

ఏప్రిల్‌లో ఆమే వచ్చింది. కోడలు ఆటోలోంచి దింపి, నడుం పట్టుకుని నా కిటికీ దాకా నడిపించింది. మాట కొంచెం ముద్దగా వస్తోంది. పెన్ను కుడిచేతి వేళ్ల మధ్య ఇరికించుకుని, ఎడమచేత్తో ఆ మణికట్టు పట్టుకుని సంతకం పెట్టింది. చాలాసేపు పట్టింది. వెనక వరసలో జనం గొణుగుతున్నారు. నా కంప్యూటరులో ఉన్న సంతకానికీ కాగితం మీద పడ్డదానికీ ఎక్కడా పోలిక లేదు.

ఫారం పట్టుకుని మేనేజరు దగ్గరికి వెళ్లాను. అంతకుముందు నెలే తనిఖీవాళ్లు వచ్చి, సంతకం కలవని ఒక ఫారం పాస్ చేసినందుకు మా బ్రాంచిని తప్పుపట్టి వెళ్లారు. ఆయన చాలాసేపు ఆ కాగితం చూశాడు. "ఈమె ఎవరో మనిద్దరికీ తెలుసమ్మా. కాని నేనిది పాస్ చేయలేను. వేలిముద్ర తీసుకోండి, ఈసారికి సాక్షిగా నేనే సంతకం పెడతాను" అన్నాడు.

బయటికి వచ్చి స్టాంపు ప్యాడ్ ఆమె ముందు పెట్టాను.

"అవ్వా, ఈ ఒక్కసారికి వేలు పెట్టు. సాక్షి కూడా ఇక్కడే ఉన్నడు. ఎవల్నీ అడిగే పని లేదు."

"నేను పెట్ట."

"వేలిముద్ర కూడా సంతకమే అవ్వా. చట్టంలో రెండూ ఒకటే. అందులో తప్పేం లేదు."

ఆమె నా ముఖంలోకి చూసింది. "గట్లయితే గాడ స్టేజీ మీద గట్లెందుకన్నరు బిడ్డా?"

ఆ గోడ మీది రాత, ఆ మైకు మాట, ఆ చప్పట్లు అన్నీ మేం చేసినవే. ఇన్ని శనివారాల్లో ఒక్కనాడూ ఆమెకు, నీ వేలిలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని నేను చెప్పలేదు. సిగ్గుపడాలనే నేర్పాను. కోడలు బతిమిలాడింది, కసురుకుంది. అవ్వ ప్యాడ్‌ను ఎడమచేత్తో నావైపు నెట్టేసి, పింఛను తీసుకోకుండానే వెళ్లిపోయింది.

మర్నాడు చాచాకు చెప్పాను. "ఎడమ చెయ్యి ఉన్నది కద" అన్నాడు. ఆ రోజు నుంచి పొద్దున్నే వాళ్లింటికి వెళ్లి, ఆమె మంచం పక్కన పలక పట్టుకుని కూర్చునేవాడట. ఎడమచేత్తో రెండక్షరాలు వచ్చాయని ఒకసారి ఫోన్ చేసి చెప్పాడు. సంతకం మార్చుకునే ఫారం నింపి నా డెస్కులో పెట్టుకున్నాను.

అది వాడే అవసరం రాలేదు. మే నెలలో ఆమెకు మళ్లీ పక్షవాతం వచ్చింది. మాట పూర్తిగా పోయింది, తెలివి మాత్రం ఉంది. హైదరాబాద్ తీసుకుపోవడానికి ఖాతాలో ఉన్నదంతా తీయాలని కొడుకు బ్రాంచికి వచ్చాడు. మంచం పట్టిన ఖాతాదారు వేలిముద్రకు ఇద్దరు సాక్షులు కావాలి, అందులో ఒకరు బ్యాంకు మనిషి కావాలి. మేనేజరు నన్ను పంపాడు.

ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కొడుకు, "అవ్వా, బ్యాంకు మేడమచ్చింది" అన్నాడు. తల తిప్పి నన్ను చూసింది. నా చేతిలో ఉన్న ప్యాడ్ చూసింది. చెప్పాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాట పక్కనపెట్టి ప్యాడ్ మూత తీశాను. కొడుకు ఆమె చెయ్యి అందుకోబోతుంటే, దాన్ని తప్పించి తనే ఎడమ బొటనవేలు ముందుకు చాపింది. సిరా పూసి నేనే ముద్ర వేయించాను. కాగితం మీద నల్లటి మచ్చ తప్ప ఒక్క గీత కూడా పడలేదు. దాని కింద పక్కింటాయన, నేను సాక్షులుగా సంతకాలు చేశాం. తర్వాత తడిగుడ్డతో ఆమె వేలు తుడిచాను. తుడుస్తున్నంతసేపూ కళ్లు మూసుకునే ఉంది.

హైదరాబాద్ నుంచి ఆమె తిరిగి రాలేదు. పదకొండో రోజున వెళ్లి పలకరించి వచ్చాను. కోడలు చాయ్ ఇచ్చింది.

శనివారాల పని ఇంకెవరికైనా ఇవ్వమని మేనేజరును అడిగాను. ఎందుకని అడగకుండానే కొత్తగా చేరిన అమ్మాయికి ఇచ్చాడు. వానలు మొదలయ్యాక ఒకరోజు చాచా సుద్దముక్కల కోసం బ్రాంచికి వచ్చాడు. ఇంకో నలుగురు సంతకం నేర్చుకుంటామంటున్నారట.

"ఈ శనివారం వస్తవా బేటీ?"

"పనున్నది చాచా" అన్నాను.

ఆయన కిటికీ దగ్గర ఇంకాసేపు నిలబడ్డాడు. వెనకాయన పాస్‌బుక్కు ముందుకు పెట్టేసరికి, సుద్దముక్కల డబ్బా సంచిలో వేసుకుని, గొడుగు విప్పుకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయాడు.