గుమ్మం ముందరి బోరింగు

మా చిన్నప్పుడు... ఎండాకాలం సెలవులంటే జీడితోటే. పాత రేకు మీద జీడిపిక్కలు పోసి, కింద ఎండుటాకులు ఎగదోసి, కాలినవాటిని రాయితో కొట్టుకుని తినేవాళ్ళం. మూతులు, చేతులు నల్లగా అయిపోయేవి. అబ్బ... ఆ రుచి ఇప్పటి ప్యాకెట్లలో ఎక్కడిది!

మా చెల్లి చిట్టికి ఆత్రం ఎక్కువ. ఓ రోజు రేకు మీదికి వంగి చూస్తోంది. పిక్క టప్పుమని పేలి, జీడి నూనె సరాసరి దాని ఎడమ కంట్లో పడింది.

ఆ అరుపు విని అమ్మ పరుగెత్తుకొచ్చింది. అమ్మ పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేది. జీడి అంటితే చేతులు పొక్కిపోతాయని అక్కడందరూ నూనె రాసుకున్నాకే పనిలో కూర్చుంటారు. అమ్మకి తెలిసిన మందు అదొక్కటే.

"ఏడవకే తల్లీ... జీడికి నూనే మందు" అంటూ కంట్లో కొబ్బరినూనె పోసి, కొంగు చింపి కట్టు కట్టేసింది.

ఆటోలో పలాస ఆసుపత్రికి వెళ్ళాం. "కంటి డాక్టరు ఇక్కడ నేరు, టెక్కలి ఎల్లండి" అన్నారు. టెక్కలిలో "ఇక్కడవదమ్మా, శ్రీకాకుళం తీసుకెల్లిపోండి" అన్నారు. పిల్ల ఏడ్చి ఏడ్చి అమ్మ ఒళ్ళోనే సోలిపోయింది. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండిపోతుంది... ఒక్కచోటైనా ఆ కట్టు విప్పి చూడలేదే!

శ్రీకాకుళం పెద్దాసుపత్రి ఎమర్జెన్సీలో డాక్టరమ్మ కట్టు విప్పింది. కంట్లో సెలైన్ పోసి కడుగుతూనే అడిగింది.

"వెంటనే నీళ్ళతో కడగలేదామ్మా? కడిగుంటే చూపు మిగిలేదేమో."

అమ్మ నెమ్మదిగా అంది.

"ఉత్త నీళ్ళేనా అమ్మా? బోరింగు మా గుమ్మం ముందరే ఉన్నాదమ్మా..."

ఆ కంటికి చూపు మళ్ళీ రాలేదు.

ఇప్పుడు రోడ్లు పెద్దవయ్యాయి. ఫోన్ చేస్తే అంబులెన్సు గుమ్మంలోకొస్తుంది. మొన్న పక్కింటి బుడ్డోడికీ అలాగే కంట్లో జీడి పడింది. చిట్టే వాణ్ణి బోరింగు కిందికి ఈడ్చుకెళ్ళి, వాడు ఎంత గింజుకున్నా వదలకుండా కడిగింది. ఆసుపత్రిలో మాత్రం అదే పాత మాట, "శ్రీకాకుళం తీసుకెల్లిపోండి." వాడి కన్ను ఏమవుతుందో ఇంకా ఎవరూ చెప్పలేదు.

అమ్మ పెద్దదైపోయింది. ఇప్పటికీ చిట్టికి అన్నం పెడితే కూరగిన్నె కుడిపక్కకే జరుపుతుంది. ఆ రోజు సంగతి మాత్రం ఎత్తదు.

మీ చిన్నప్పుడు మిమ్మల్నీ ఇలాగే ఊరూరా తిప్పారా? చెప్పండి, వింటాను... దానికంటే ముందు, నీళ్ళ సంగతి మీ ఇంట్లో వాళ్ళకి చెప్పండి.

మా అమ్మకి ఎవ్వరూ చెప్పలేదు.