రెండో గ్లాసు

మా రాజోలు ఇంటికి వాక్యం చెప్పడానికి వచ్చే మోర్మన్ చర్చి కుర్రాడిది బెంగళూరు. తెల్లచొక్కా, కష్టపడి నేర్చుకున్న తెలుగు. మొదటిరోజు అమ్మ టీ తెస్తే "వద్దండి" అంటూ చేతులు వెనక్కి తీసుకున్నాడు. వాళ్లు టీ తాగరని మాకు తెలియదు.

నాన్న అడిగారు. "మా తాతగారి రోజుల్లో మా ఇంటి గ్లాసు ముట్టనోళ్లుండేవారండి. మీరూ అంతేనా బాబూ?"

అతని ముఖం పాలిపోయింది. "అయ్యో, కాదండీ! మా నియమంలో టీ లేదండి. మంచినీళ్లివ్వండి!"

అమ్మ నీళ్లు తెస్తే గటగటా తాగేసి, ఇంకో గ్లాసు అడిగాడు. రెండోది తాగుతుంటే చొక్కా తడిసిపోయింది.

తర్వాత ఎప్పుడొచ్చినా కూర్చోకముందే నీళ్లు అడిగేవాడు. దాహం లేకపోయినా రెండు గ్లాసులూ తాగేవాడు. తాగినంతసేపూ భయంగా నాన్న ముఖమే చూసేవాడు. నాకు జాలేసేది, ఒక్కోసారి ఒళ్లు మండేది కూడా.

కొన్నాళ్లకు వాళ్ల చర్చివాళ్లు అతన్ని వేరే ఊరు పంపేశారు. మొన్న అతని బదులు కొత్తాయన వచ్చాడు. అమ్మ టీ పెట్టలేదు. నాన్నే నీళ్లగ్లాసు తెచ్చి ఎదురుగా నిలబడ్డారు.

"ఇప్పుడే తాగి వచ్చేనండి" అన్నాడాయన నవ్వుతూ.

నాన్న గ్లాసు దించలేదు.