కనిపించని కాంతికి హారతి

ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సెక్కి ఆదోని కాలేజీలో ఫిజిక్సు చెప్పే రోజుల్లో, నా పీహెచ్‌డీ గైడు గారు రిటైరవుతూ తన పాత లేజర్‌ను మా కాలేజీకి ఇప్పించారు. ఒంటినిండా కంటికానని రంధ్రాలుండే స్ఫటికాల పొడిని దానితో పరీక్షించడం నా పని. ఆ రంధ్రాల్లో ఒక పసుపు రసాయనం నింపి, లేజర్ కొడతాం. లోపల అణువులన్నీ ఒకే వైపు తిరిగి బారులు తీరితే పొడి మీద ఆకుపచ్చ చుక్క మెరుస్తుంది. లేకుంటే ఏమీ ఉండదు. రంధ్రాన్వేషణ వృత్తిగా పెట్టుకున్నవాణ్ణి, నా రంధ్రాలు మాత్రం నాకు కనపడేవి కావు.

చిక్కేమిటంటే, వచ్చే చుక్క కనపడుతుంది, లేజర్ నుంచి పొడి మీదకు పోయే కాంతి కనపడదు. అది కంటికి తగిలితే కన్ను పోతుంది. కాపాడే కళ్లద్దాలు ఒకటే జత. అవి నా ముక్కు మీద ఉండేవి.

గోనెగండ్ల నుంచి వచ్చే అటెండరు నాకంటే పదేళ్లు పెద్ద. ఆయుధ పూజ నాడు లేజర్‌కు విభూతి పెట్టి, పళ్లెంలో కర్పూరం వెలిగించాడు.

"మిషను ఆడతాంటేనే హారతి సార్. ఆపి పెడితే సచ్చినోనికి ఇచ్చినట్లుంటాది."

వారమంతా పొడి నూరి, ఓవెన్‌లో ఆరబెట్టింది ఆయనే. ఆ చుక్క ఆయనకు చూపించాలని నాకూ ఉబలాటం.

"పక్కనే నిలబడన్నా, ముందుకు రావద్దు" అని స్విచ్ వేశాను. టిక్కు టిక్కుమంటూ మిషను మొదలైంది. పొడి మీద చుక్క వెలిగింది.

"సిలక రంగుంది గదా సార్" అని మురిసిపోతూ పళ్లెం తిప్పసాగాడు. అద్దంలా తోమిన స్టీలు పళ్లెం. మూడో చుట్టులో పళ్లెం కాస్త ముందుకు జరిగింది, చుక్క ఆరిపోయింది. పొడి మాడిందేమోనని నేను పొడి వైపే వంగాను.

"కంట్లో టప్‌మన్నెట్లాయె సార్."

గబుక్కున స్విచ్ ఆపాను. "నొప్పుందా అన్నా?"

"నొప్పేం ల్యా. కర్పూరం పొగేమో. తీసుకోండి" అని పళ్లెం చాపాడు. కళ్లద్దాల మీదుగానే కళ్లకద్దుకున్నాను.

సాయంత్రం ఇద్దరిదీ ఒకే బస్సు. బస్టాండులో ఆయన ఎడమ కన్ను మూసి బోర్డు చూశాడు, తెరిచి చూశాడు, మళ్లీ మూశాడు.

"నడుమ అచ్చరాలకు రంగు పోయిందా సార్?"

బోర్డు కొత్తగా రాసినది.

"యాడ సూస్తే ఆడ నల్లగుంది" అన్నాడు, నా వైపు తిరిగి. "మీ మొగం గూడా ల్యా."

పక్కకు జరిగి నిలబడ్డాను, అక్కడైనా కనపడతానేమోనని. ఆయన చూపు, దాంతోపాటు ఆ నలుపూ నా వెంటే వచ్చాయి.

ఆ రోజు నేను ఎమ్మిగనూరులో దిగలేదు. కర్నూలు కంటి డాక్టరు దాకా ఆయన పక్కనే కూర్చున్నాను, కళ్లద్దాలు జేబులో పెట్టుకుని.