మణికట్టు మీద మూడు వేళ్లు

మా పక్క క్వార్టర్ నర్సత్త పోయిన నెల ఒక మధ్యాహ్నం చనిపోయింది. అమ్మ ఫోన్ చేసినప్పుడు లైబ్రరీలో ఉన్నాను. ఫోన్ పెట్టేశాక చూస్తే నా ఎడమచెయ్యి బల్ల మీద వెల్లకిలా ఉంది. నేను పెట్టినట్టు గుర్తు లేదు.

ఆ అలవాటు ఆమె చేసిందే. చల్లటి మూడు వేళ్లు మణికట్టు మీద ఆనించి, నాడి చూడటం అయ్యేదాకా ఎవరినీ మాట్లాడనిచ్చేది కాదు. జ్వరమని చెప్పబోతే, "నువ్వుండే. ముందు అది సెప్పనీ" అనేది. నాకు మాటలు తక్కువ. అందుకే ఆమె దగ్గర హాయిగా ఉండేది.

రోగం తేల్చి మందు రాయడం దాకా చదువుకున్న నర్సు ఆమె. మస్తూరీ ఊరికి వెళ్లే దారిలోని చిన్న క్లినిక్‌లో పని. డాక్టరుగారు వారానికొకరోజు వచ్చేవారు. మిగతా రోజులన్నీ ఆమే చూసేది. చేసిన వైద్యానికి డబ్బు మాత్రం ఆయన పేరు మీదే వచ్చేది.

రెండేళ్ల క్రితం నాన్న అజీర్తి మందు కోసం అక్కడికి వెళ్లారు. ఆమె నాడి పట్టుకుంది. వెంటనే ఆటో పిలిచి, తనే పక్కన కూర్చుని పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. ఇంకో గంటైతే గుండె ఆగిపోయేదన్నారు అక్కడ. ఆసుపత్రి ఖర్చు రాబట్టుకోవడానికి నాన్న ఆఫీసులో పెట్టిన కాగితాల్లో, మొదట చూసినవారి చోట ఆమె సంతకం చేసింది. కాగితాలన్నీ వెనక్కి పంపేశారు. డాక్టరు సంతకమే కావాలట. ఆ రోజు ఊళ్లోనే లేని డాక్టరుగారు సంతకం పెడితే సరిపోయింది.

నాన్న ఆమె ముందు తలెత్తలేకపోయారు. ఆమె నవ్వింది.

"ఏటి సేత్తాం అన్నియ్యా. కాగితం లెక్కన ఆ రోజు నాను లేను. మరి నిన్ను ఆటో ఎక్కించిందెవులో."

అప్పుడు మేమూ నవ్వాం. పోయిన నెల ఆమె కర్మకాండ అయ్యాక, ఆమె సామాను తేవడానికి క్లినిక్‌కి వెళ్లి అక్కడి రిజిస్టర్లు చూశాను. ప్రతి పేజీ ఆమె దస్తూరీయే, ప్రతి పేజీ కింద ఆయన సంతకమే. ఆమె పేరు ఎక్కడా లేదు. నాన్న ఇంకా మా మధ్య ఉన్నది ఆమె వల్లేనని ఎక్కడో ఒకచోట ఉండాలని ఇది రాస్తున్నాను.

నిన్న నాన్నను క్లినిక్‌కి తీసుకెళ్లాను. డాక్టరుగారు వచ్చే రోజు. బెంచీ మీద ఎవరూ మాట్లాడటం లేదు. అందరి ఎడమచేతులూ మోకాళ్ల మీద వెల్లకిలా ఉన్నాయి. నాడి చూసే మనిషి లేదని వాళ్లందరికీ తెలుసు. ఒక ముసలామె జరిగి చోటిచ్చింది. నాన్న కూడా కూర్చుని చెయ్యి అలాగే పెట్టారు.

లోపలి నుంచి పిలిచారు. నాన్న లేవలేదు.

"ఉండవే. ఇంకా అవలేదు" అన్నారు మెల్లగా.

కాసేపటికి లేచి చొక్కా చెయ్యి దించుకుంటుంటే చూశాను. మణికట్టు మీద పక్కపక్కనే మూడు తెల్లటి మచ్చలు, ఒత్తి వదిలినట్టు. నేను చూస్తుండగానే ఒక్కొక్కదానిలోకీ మెల్లగా రక్తం వచ్చింది.