అత్త కట్టిన స్పోర్ట్సు ప్యాకు

ఈ ఉదయం ఫోన్‌కు సందేశం వచ్చింది, స్పోర్ట్సు ప్యాకు గడువు ముగిసిందని. కొత్త ధర చూసి, తిరువళ్లూరులోని మా ఇంటి నెల ఖర్చుల్లో దాన్ని ఎక్కడ ఇరికించాలా అని ఆలోచిస్తుంటే తిరుత్తణిలో ఉండే మా మేనత్త గుర్తొచ్చింది.

అత్తా మామా నేతపనివాళ్లు. ముందుగదిలో సగం మగ్గానిది, మిగతా సగం టీవీది. స్పోర్ట్సు ఛానళ్లు మామ క్రికెట్ కోసమేనని అందరి నమ్మకం. మ్యాచ్ ఉన్నరోజు మగ్గం చప్పుడు ఓవరుకూ ఓవరుకూ మధ్యనే వినబడేది. ఇంటి ఖర్చు నడిపేది అత్త. చింతపండు దగ్గర కూడా బేరమాడే మనిషి, ఆ ప్యాకు గురించి మాత్రం ఒక్కమాట అనేది కాదు. ఆమె ఓర్పు అలాంటిదనుకున్నాం.

ఒక ఏడు నూలు ధర పెరిగింది, చీరలకు గిరాకీ తగ్గింది. ఇంట్లో పాలు లీటరు నుంచి అరలీటరుకు దిగాయి. నేనక్కడ ఉన్న రోజే, వసూలుకొచ్చిన కేబుల్ ఆయనతో మామ పెద్ద త్యాగం చేస్తున్నట్టు చెప్పాడు.

"ఆ స్పోర్ట్సు తీసేయన్నా. స్కోరు ఫోన్లో చూసుకుంటా."

అత్త వంటింట్లోంచి వచ్చింది. "తియ్యబాకన్నా. నేను చూస్తాండాను."

"నువ్వా? ఏం చూస్తావు?" అన్నాడు మామ.

"కబడ్డీ. మధ్యానం నువ్వు పండుకున్నాక మళ్లీ ఏస్తారు."

చీర కొంగులకు ఆమె కుచ్చులు కట్టే వేళ అది. టీవీ శబ్దం తగ్గించి చూసేదట, ఏళ్లుగా.

"ఇస్కూల్లో ఆడినాను. తొమ్మిదో క్లాసులో మోకాలు పగిలితే మా నాయన ఆట నిలిపేసినాడు. కావాలంటే వీళ్ల నాయన్నడుగు," అంది నన్ను చూపిస్తూ.

"దుడ్డు?" అన్నాడు మామ మెల్లగా.

"నెలకు బయటోళ్లవి ఇంకో రెండు చీరలకు కుచ్చులు కడతా."

కేబుల్ ఆయన అంతసేపూ గోడమీది క్యాలెండరు చూసి, తర్వాత రసీదు రాశాడు.

ఇంటికెళ్లి మా నాన్ననడిగాను. "బాగా ఆడేది," అన్నాడు. మళ్లీ తనే, "నేనూ ఒద్దనే అన్నాను అప్పుడు," అన్నాడు.

మరుసటి నెల వెళ్లేసరికి మామ మధ్యాహ్నం నిద్ర మానేసి ఆమె పక్కన కూర్చుని ఉన్నాడు.

"వాడెందుకు బయటికి పోతాడు?"

"కాలు గీత దాటింది. బాగా చూడు."

ఆయన ముందుకు వంగి చూశాడు. పెళ్లయి అప్పటికి ముప్పై ఏళ్లు. కాలం అందరికీ గడిచిపోతుందంటారు గాని, ఎవరూ అడగని సంగతి దగ్గర అది అన్నేళ్లూ కదలకుండా కూర్చుని ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.